వాద్యశాలాసంప్రోక్షణము

వైశాఖబహుళపక్షమున నొక మధ్యాహ్నము. వేసవి తన ప్రతాపమునంతయు నొక్కమాఱు వెల్లడింపబూనెనో యన కళింగాంధ్రసీమయందలి యుదయవరసంస్థానముపై సూర్యుడు నిప్పులు గురియుచుండెను. ఏటిలో చీలమండ మునుగునంత నీరైన లేక యిసుక కన్నులు మిఱుమిట్లుగొలుపుచుండెను. పడమటిగాలి కొండబండల నంటి కాగివచ్చి కోటగోడల సున్నమును పెచ్చులుపెచ్చులుగా నూడ్చుచుండెను. పశువులు నీడలు వదలి కదలకుండెను. మనుష్యులు తలుపులు బిగించుకొని యుండిరి. అట్టి నిశ్శబ్దవేళ కోటలోని పాలఱాతిమందిరమునుండి తుపాకి పేలినట్లొక ధ్వని వినవచ్చెను. కావలివారు బల్లెములు బట్టి లోనికి బరుగిడి చూడగా శత్రువెవ్వడును లేడు. ఆఫ్రికాఖండమునుండి యోడనెక్కి వచ్చిన యొక పెద్దడోలు తనంతట దానే నెఱ్ఱెవిచ్చి నోరు దెఱచుకొని నిలిచియుండెను. మఱునాడు మఱియొకటి పగిలెను. ఆ వారము ముగియునప్పటి కేడు వాద్యము లట్లే మూగవోయెను.

ఆ మందిరము ప్రపంచవాద్యప్రదర్శనశాల. ఉదయవరాధీశ్వరుడగు ముకుందభూపతి పండ్రెండేండ్లపాటు ఖండాంతరములకు లేఖలు వ్రాయించి తెప్పించిన వాద్యసంచయమంతయు నందు గొలువుదీరియుండెను. నేలపై బరుండబెట్టి మీటెడు జపానుదేశపు పదుమూడుతంత్రుల వీణయు ముక్కోణపు కడుపుగల రష్యాదేశపు తంత్రీవాద్యమును చంక నిఱికించుకొని యూదెడు స్కాట్లండుదేశపు తోలుతిత్తియు జావాద్వీపపు కంచుగిన్నెల వరుసలును హంసకంఠమువలె వంపుదీరిన యైర్లండుదేశపు హార్పువాద్యమును అద్దపుబీరువాలలో వెలుగుచుండెను. వానిక్రింద సువర్ణాక్షరములతో నామఫలకములు వ్రాయించినవాడు ఆస్థానపండితుడును శాలాధ్యక్షుడునైన చామర్తి యనంతశాస్త్రి. శ్రావణమాసమున జిల్లా కలెక్టరుదొరగారి సమక్షమున ప్రారంభోత్సవము జరుపుటకు ముహూర్తము నిశ్చయమైయుండెను. ఇంతలో డోళ్లు పగులసాగెను.

కొయ్యపనికి వడ్రంగులు గలరు. తంత్రులు బిగించుటకు వైణికులు గలరు. పచ్చితోలు నానవైచి వెండ్రుకలు గీకి మందము సరిచూచి వాద్యముఖమున కెక్కించుటకు మాత్రము బ్రాహ్మణవీథిలో గాని కాపువీథిలో గాని యొక్కడును లేడు. మూడుతరములుగా నాస్థానమృదంగములకు మూతలు వేయుచు వచ్చిన కుటుంబము మాదిగపేటలో నుండెను. ఆ కుటుంబమునకు మిగిలిన వాడు పైడయ్య. నలువదియైదేండ్లవాడు. వెడద ఱొమ్మును పొడవైన వ్రేళ్లును గల మితభాషి. చర్మశిల్పవిశారదుడను బిరుదమతని కెవ్వరు నీయలేదు గాని కన్నులు మూసికొని తోలుపై బొటనవ్రేలు నడపి యది యే పశువుదో యే యంగమునుండి కోసినదో ఆ పశువు కఱవులో బెరిగినదో పచ్చికలో బెరిగినదో చెప్పగలవాడు.

శాస్త్రి యతనిని బిలిపించి కోటవెనుక పాడువడిన గుఱ్ఱపుసాలలో గూర్చుండి పనిచేయుమనియు వాద్యములు సేవకులచేత నచ్చటికే పంపుదుననియు శాలామందిరమువైపు రావలదనియు నాజ్ఞాపించెను. పైడయ్య యందుకు తల యూపెను. అతని భార్య యెర్నమ్మ మాత్రము భర్తవెంట సాలకు వచ్చుచు, పగిలినంతవఱకే మన మక్కఱకు వత్తుము, అతికినపిమ్మట మన ముఖమైన గుర్తింపరు సుమా యని హెచ్చరించెను. ఆమెయు తోలుపనిలో నారితేఱినదియే. కత్తియంచు గోటిపై బరీక్షించుటలో భర్తకంటె నొకయడుగు ముందేగాని వెనుక గాదు. పైడయ్య యామెమాట విన్నట్లే యుండి వినకుండెను. ఏలయన నప్పటికే యతని చూపు గడపలో దించిన వాద్యములమీద నుండెను.

నాటినుండి రెండుమాసములా గుఱ్ఱపుసాలలో జరిగినది పనియనుటకంటె సమావేశమనుట యుక్తము. న్యూగినీద్వీపమునుండి వచ్చిన డమరుకాకారపు మద్దెలకు ఉడుముతోలు గప్పి నడుమ మైనపుముద్దలు పెట్టియుండుట చూచి యతడు వానిని వ్రేలితో దడవి, నాదము బరువెక్కుటకు మనము మృదంగముఖమున నల్లని కరణి పూసినట్లు వీరు మైనము పెట్టినారని భార్యకు చూపెను. ఈజిప్టుదేశపు మట్టివాద్యమునకు సాగదీసిన చేపతోలు దీపపుచిమ్నీవలె పలుచగానుండెను. జపానుదేశపు డోలునకు ఎద్దుతోలును మేకులతో బిగించియుండిరి. అమెరికాఖండపు వనవాసిజాతులవారి పలకవాద్యమొకటి లేడితోలుతో నుండెను. దానిని గుడ్డవిప్పి చూచినతోడనే పైడయ్య యులికిపడెను. గుండ్రని కొయ్యచట్రము, ఒకవైపు మాత్రమే తోలు, వెనుకవైపు పట్టుకొనుటకు వార్లు. అది వానియింటి గోడకు వ్రేలాడుచున్న డప్పునకు తోబుట్టువు.

ఆఫ్రికాడోలు తోలు విప్పునప్పుడు లోపలివైపున కత్తిగాట్లు కనబడెను. గీకినవాడు మెడనుండి తోకవైపునకు గీకియుండెను. ఒకచోట కత్తి జాఱి సన్ననిచీలిక పడగా నరముతో చిన్నచిన్న కుట్లు వేసి బయటికి దెలియకుండ సవరించియుండెను. పైడయ్య తండ్రియు నట్లే కుట్టెడివాడు. ఆ కుట్లపై వ్రేలుంచి యతడు తానెన్నడు చూడని దేశమున నెన్నడు చూడని మనుష్యుడొకడు తలవంచుకొని పనిచేయుట కన్నులకు గట్టినట్లు దర్శించెను. వాని పేరేమో యని యెర్నమ్మ యడిగెను. పేరు దెలియదు, వాడు మనవాడే యని పైడయ్య చెప్పెను. ఆ దినములలో నతడు సంతోషముగా నుండెనని యెర్నమ్మ పిమ్మట నేడ్చుచు జెప్పికొన్నది.

జ్యేష్ఠమాసమంతయు పని సాగెను. ఆషాఢమున వానలు మొదలుకాగా నతడు శాస్త్రికి కబురంపి, చలువగాలికి తోళ్లు సడలునుగావున శాలలో కుంపట్లు పెట్టింపవలెననియు, ఉడుముతోలును చేపతోలును చింతగింజలబంకతో నతికినవి కావున వానికి నీటిచుక్క తగులరాదనియు మఱిమఱి చెప్పించెను. శాస్త్రి తానే యొకనాడు సాలవాకిట గొడుగునీడను నిలిచి యా మాటలు విని తెలిసినదనెను. అప్పుడు పైడయ్య యొక్క మనవి చేసికొనెను. రెండుమాసములలో నతడడిగిన దదియొక్కటియే. అమెరికాపలక ప్రక్కను తన తండ్రినాటి డప్పును గూడ నుంచవలసినదని.

శాస్త్రి నవ్వలేదు. కోపింపను లేదు. తోలుమూత గల యవనద్ధవాద్యముల లక్షణము చెప్పిన గ్రంథములలో దాని పేరు లేదని చెప్పెను. అంతియకాక యది చావులలో మ్రోగునదనియు అశుభమనియు జెప్పెను.

"అయ్యవారూ, ఆ లేడితోలు పలకయు చావులలో మ్రోగునదే యని తమరు ఫలకముమీద వ్రాయించినారని సేవకులు చదివి వినిపించినారు" అని పైడయ్య యనెను.

"అది దేశాంతరము" అని శాస్త్రి వెనుదిరిగి పోయెను.

పరదేశపు చావునకు మైల లేదు కాబోలునని యెర్నమ్మ వినబడునట్లే యనెను.  ఆ సాయంకాల మతడు తోలు గీకుచుండగా కత్తి రెండుమాఱులు చేయి జాఱెను. అతనికంతకుముందెన్నడు నట్లు జరుగలేదు.

ప్రారంభోత్సవమునకు ముందునాటికి పని ముగిసెను. వాద్యములన్నియు సేవకులు మోసికొనిపోయిరి. పైడయ్య ప్రతిదానిని తుదిసారి తట్టి చూచి యిచ్చెను. ఒక్కొక్కటియు తన దేశపు గొంతుతో బలికెను. మఱునాడుదయమున సాల కడిగింపవలసియున్నదని చెప్పి కావలివాడు పైడయ్యదంపతులను బంపివేసెను.

ఆ యుదయమున శాలలో జరిగినది వారెఱుగరు. మాదిగవాని చేతులు సోకిన వస్తువులు రాజమందిరమున నట్లే యుండరాదని శాస్త్రి నిర్ణయించి ముగ్గురు పురోహితులను రప్పించెను. రాజునకు విన్నవింపగా నాయన మందిరపు పువ్వులతోరణములు చూచుకొనుచు నట్లే కానిండనెను. పసుపునీళ్లును పంచగవ్యమును బిందెలతో వచ్చెను. దర్భలతో జల్లినది చాలదని తోచి పురోహితులు తడిబట్టలతో నొక్కొక్క వాద్యముఖమును తుడిచిరి. నీరు తగులరాదని పైడయ్య చెప్పినమాట శాస్త్రికి జ్ఞప్తియందుండెను. అయినను నతనికి తోళ్లు చెడుట స్వల్పదోషముగను మైల నిలుచుట మహాదోషముగను దోచెను.

మూడవజామున సభ కొలువుదీరెను. ముకుందభూపతి జరీతలపాగాతో నగ్రాసనము నలంకరించెను. కలెక్టరుదొరయు దొరసానియు పరిసరసంస్థానప్రభువులును విద్వాంసులును ఫలకములు చదువుచు మెచ్చుకొనుచు నడచుచుండిరి. ఆఫ్రికాడోలు ముందు దొరసాని నిలిచి దాని నాదము వినగోరెను. శాస్త్రి కోల దీసికొని మ్రోగించెను. తడిసిన బొంతను దులిపినట్లొక చప్పుడు వచ్చెను. జపానుడోలును మ్రోగించెను. అదియు నంతియే. చెమటలు గ్రమ్మ న్యూగినీమద్దెలపై వ్రేలిడగా నుడుముతోలు పుండుపైపొఱవలె జాఱి యతని చేతికి వచ్చెను. ప్రభువులలో నొకడు రుమాలు నోటికడ్డముంచుకొనెను. శాస్త్రి యెలుగెత్తి, పనివాని యశ్రద్ధయే దీనికి గారణమని సభకు విన్నవించెను. రాజు వెంటనే బంట్రోతులను బంపెను.

బంట్రోతులు పైడయ్యను భోజనము మధ్యనుండి లేపి కొనివచ్చిరి. ఎంగిలిచేయి కడుగుకొనుట కైన వ్యవధి యీయలేదు. ఎర్నమ్మ వెంటవచ్చి సోపానములకడ నిలిచిపోయెను. ద్వారపాలకులు ముందువాకిట నితని ననుమతింపవచ్చునా యని యొకరిమొగము నొకరు చూచుకొనుచుండగా లోపలినుండి రాజు త్వరగా రానిమ్మని గద్దించెను. అట్లు పైడయ్య తాను రెండుమాసములు సేవించిన శాలను మొదటిసారి ప్రవేశించెను.

అతడు పాలఱాతిని చూడలేదు. తోరణములను చూడలేదు. తిన్నగా నాఫ్రికాడోలు కడకు బోయి యరచేయి దానిపై నుంచెను. చల్లగా నుండెను. చేయి తీసి చూచుకొనెను. వ్రేళ్లకు పసుపంటెను. ముక్కునకు గోమూత్రపువాసన సోకెను. మఱియొకటి తాకెను. ఇంకొకటి తాకెను. వరుసవెంబడి యన్నిటిని దాకుచు బోయి చివర నేలపై బడియున్న యుడుముతోలును దీసికొని దాని వెనుకతట్టున ముద్దగట్టిన చింతగింజలబంకను చూచెను. అప్పుడతనికి సర్వము నర్థమయ్యెను. ముందుగా చెవులలో హోరు పుట్టెను. పిమ్మట నది యడగి, సమస్తము మిక్కిలి స్పష్టముగను మిక్కిలి దూరముగను గానవచ్చెను. జీవితమున నతడెన్నిమాఱులో యవమానింపబడెను. తన్ను దిట్టినప్పు డోర్చుకొనెను. తన్ను గెంటినప్పు డోర్చుకొనెను. ఇప్పుడు దెబ్బ తనపై గాక తన పనిపై బడెను. దాని నోర్చుకొను స్థలము వానిలో నెచ్చటను లేకపోయెను.

"ఏలినవారు చిత్తగింపవలయును. ఈ చర్మములు నాచేత జెడినవి గావు. వీనిమీద నీరు పోసినవారెవ్వరో సెలవిప్పింపుడు."

రాజు శాస్త్రివంక జూచెను. శాస్త్రి వెనుదీయక, "శాస్త్రవిహితమైన సంప్రోక్షణము జరిగినది. నీవు తాకిన వస్తువును శుద్ధిచేయక లోపల నుంచుటకు వీలులేదు" అనెను.

"నేను తాకకముందు వీనిని జేసినవారెవ్వరు?" పైడయ్య గొంతు హెచ్చలేదు. "ఆ దేశములలో దోలు గీకినవాడు నావంటివాడు గాడా? వారి చేతిపని మెచ్చుకొనుచు బంగారపుటక్షరములు వ్రాయించినారు. వారి చేతిమైల సముద్రములో గొట్టుకొనిపోయినది. నా చేతిమైల మాత్రము గుఱ్ఱపుసాలనుండి మీ గుమ్మమువఱకు నిలిచియున్నది."

 దొరసాని యితడేమనుచున్నాడని ద్విభాషి నడిగెను. వర్షకాలమున తోళ్లు సడలుట సహజమని చెప్పుచున్నాడని ద్విభాషి వినయముగా దెలిపెను. ఆమె జాలిపడి తల యూపెను.

ముకుందభూపతి క్రూరుడు గాడు. ఆయన యాసనము దిగివచ్చి యెంతయు మెల్లగా, జరిగినది జరిగినదనియు, వాద్యములను వెంటనే సాలకు గొనిపోయి నిప్పుసెగను జూపించి తెచ్చినయెడల తగిన సన్మానము చేయుదుననియు జెప్పెను. పైడయ్య యాయన మొగమువంక దిన్నగా జూచెను. ఆ సంస్థానమున నట్లు చూచినవాడింతకుముందు లేడు.

"ఇచ్చటనే బాగుచేసెదను. ఈ సభలో గూర్చుండి యందఱ యెదుట జేసెదను. చేసిన పిదప వీనిమీద నొక్క నీటిబొట్టు పడదని ప్రభువులు మాటయీయవలయును."

 రాజు చూపు శాస్త్రిమీదికి బోయి ప్రభువులమీదికి బోయి పాలఱాతినేలమీదికి దిగెను. పిమ్మట, సాలలోనే చేయుమని యాయన పలికెను. ఆ మాట చెప్పునప్పు డాయన యెవ్వరివంకను జూడలేదు.

పైడయ్య యుడుముతోలును మడతపడకుండ మద్దెలప్రక్క బీటపై బఱచెను. ఆ మద్దెలను జేసిన పరదేశివానియెడ దనకు గోపము లేదు గదా. పిమ్మట వెనుదిరిగి వచ్చిన ద్వారముననే వెలికి బోయెను. అతని నాపుమని యెవ్వరు నాజ్ఞాపింపలేదు. 

సోపానముల క్రింద నెర్నమ్మ యంతయు వినియుండెను.  ఇంటికడ చెంబుతో నీళ్లందించుచు, "నీవు సభలో గూర్చుండుటకు దావడిగితివి. నేనైనచో ఆ శుద్ధిబిందెలోని నీరంతయు శాస్త్రిచేత ద్రాగించియుందును" అనెను. పైడయ్య చేయి కడుగుకొనెను. పసుపు పోలేదు. ఇసుకవైచి రుద్దెను. గోళ్లసందులలో నది మూడుదినములుండెను.

ఆ మూడుదినములలోనే కోటనుండి యుత్తరువులు వచ్చెను. ఆస్థానపు మృదంగముల పని యిక పైడయ్యకు లేదనిరి. సాలలో నుండిపోయిన యతని కత్తులను తోలు గ్రుచ్చు ఆరెలను కొయ్యదిమ్మెలను బంట్రోతులు తెచ్చి వానలో బాఱవైచిపోయిరి. ఎర్నమ్మ వాని నొక్కొక్కటిగా నేఱి తుడిచి నూనె రాచెను. ప్రదర్శనశాలయందు అవనద్ధవాద్యముల భాగమును మరమ్మతు నిమిత్తము మూసితిమని పలక వ్రేలాడగట్టిరి. దూరపట్టణమునుండి వచ్చిన వడ్రంగియొకడు తోళ్లు పీకివైచి వానిస్థానమున గట్టికాగితమంటించి రంగు పూసెనని పిమ్మట వినవచ్చెను. ఆ వార్త విని పైడయ్య యాఫ్రికాడోలులోని చిన్నకుట్లను దలచుకొని గోడకు మొగము ద్రిప్పుకొనెను. అతడన్నము ముట్టలేదు. పనిముట్లు ముట్టలేదు. ఏడువను లేదు. అతని కోపము సభలో ననిన మాటలతో దీఱలేదు. మాటలాడిన కొలది నది వేళ్లు దన్నినది.

ఇట్లుండగా నొకనాడు పూర్వాహ్ణమున భళ్లమూడి కామేశము పేటపొలిమేరకు వచ్చెను. అతడు మృదంగవాదనమున నేర్పరి. రెండుదినములలో పొరుగూర నతనికి గచ్చేరి గలదు. మృదంగము వలంతల, అనగా కుడిముఖపు తోలు, చినిగియుండెను. అంతవఱకు గల పద్ధతి యెట్టిదనగా, వాద్యము తెచ్చినవారు పేటమొదటనున్న బండపై దానినుంచి యిరువదియడుగులు వెనుకకు దొలగి కేకవైతురు. పైడయ్య వచ్చి కొనిపోవును. పని ముగిసినపిమ్మట నా బండమీదనే యుంచిపోవును. కామేశ మట్లే యుంచి తొలగి "పైడిగా" యని పిలిచెను.

పైడయ్య గుడిసె యరుగుమీదనుండి లేవలేదు. చేతికిచ్చినయెడల బుచ్చుకొందును, బండపై నుంచినది బండకే యుండునని చెప్పి పంపెను. కామేశము నిర్ఘాంతపోయి, మర్యాదలు మాఱునా యని గొణగి, మృదంగ మెత్తుకొని పోయెను. మఱునాడు మరల వచ్చెను. మరల బండపై నుంచి దూరముగా తాటిచెట్టు మొదట నిలిచెను. ఒకరినొకరు చూచుచునే యుండిరి. ఎర్నమ్మ లోపలనుండి, తమకు బియ్యమునిండుకొన్నవని భర్తకు మెల్లగా గుర్తుచేసి, అయినను లేవవలదని యామెయే చెప్పెను.

అంతలో నైరృతిదిక్కున మేఘము నల్లగా లేచెను. గాలి చల్లబడి దుమ్ము సుడిదిరిగెను. తొలిచినుకు బండపై బడి యెండిపోయెను. రెండవది మృదంగముపై బడెను. కామేశము పరుగున వచ్చి వాద్యమునెత్తి యుత్తరీయమున జుట్టి ఱొమ్మున కదుముకొనెను. ఊరు చాలదూరము. వాన దగ్గఱ. ఎదుట నొక్క చూరు మాత్రమే కలదు. తోలు తడియుననెడు భయము వానిలో నెంతటిదో పైడయ్య యెఱుగును. ఆ భయము తనకును గలదు గనుకనే పైడయ్య యరుగు దిగి చూరుక్రిందికి వచ్చి నిలిచి రెండుచేతులు ముందునకు జాచెను.

కామేశము వానలో నొకక్షణము తడబడెను. అటుపిమ్మట చూరుక్రిందికి వచ్చి "పైడయ్యా" యని మృదంగము నా చేతులలో నుంచెను. వ్రేళ్లు వ్రేళ్లకు దగిలెను. కామేశము చేయి వెనుకకు దీసికొనుటకు దొందరపడబోయి మానెను.

పైడయ్య నవ్వలేదు. కృతజ్ఞత చెప్పలేదు. మనుష్యుడు మనుష్యుని చేతికొక వస్తువిచ్చుట యనుగ్రహము గాదు గావున దానికి వందనము చేయనక్కఱలేదని వాడెఱిగియుండెను. వాని కోపమును జల్లారలేదు. నాటినుండి చేతికీయని వాద్యమేదియు వాని గుమ్మమున బాగుపడలేదు. వాడు మృదంగము నొడిలో బెట్టుకొని చినిగిన మూతపై బొటనవ్రేలు నడపి తల యెత్తకయే యడిగెను.

"ఏ శ్రుతికి గట్టవలయును?"